ఎర్ర మాత్ర లోపలి పసుపు

కడుపుతో ఉందని తెలిశాక మనవైపు ఆడపిల్ల చేతిలో పడేది ఎర్ర మాత్రల అట్ట. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో చూపించుకున్నా, సీతంపేట ఏజెన్సీలో కొండమీది సవర గూడెంలో ఉన్నా నర్సమ్మ సంచీలోంచి వచ్చేది ఆ మాత్రే. ఐరన్ మాత్ర అని అందరం అనేస్తాం గానీ అందులో ఇనుముతోబాటు ఇంకొకటి కూడా ఉంది. దాని పేరు ఫోలిక్ ఆమ్లం. 60 మిల్లీగ్రాముల ఇనుము పక్కన అది ఉండేది అర మిల్లీగ్రాము. ఆవగింజలో నాలుగో వంతు కూడా ఉండదేమో! ఎర్రటి పూత కింద కంటికి కనపడకుండా దాక్కున్న పసుప్పచ్చని పొడి అది.

ఆ పొడిని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావు. ఆ పేరు మనలో చాలామందికి స్కూలు పుస్తకంలో ఒక పేరాగా గుర్తుంటుంది. నాకు మాత్రం ఆయన జీవితం చదివినప్పుడల్లా ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళముందు మెదులుతారు. ఒకరు తల్లి వెంకమ్మగారు, రెండో ఆవిడ భార్య శేషగిరిగారు. ఈమధ్య ఆయన కథకి ఇంకో కొస కూడా దొరికింది. ఆ పసుపు పొడి మన ఒంట్లోనే కాదు, మట్టిలో, నీటిలో ఉండే సూక్ష్మజీవుల ఒంట్లో చేసే ఒక వింత పని గురించి అది. ఆయన పోయిన చాలా ఏళ్ళకు గానీ ఆ సంగతి బయటపడలేదు.

కాశీకి బయలుదేరిన పిల్లవాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగోక ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఇల్లు నడపడం వెంకమ్మగారి మీద పడింది. పిల్లవాడికేమో చదువు మీద ధ్యాస లేదు. పదమూడేళ్ళ వయసులో ఇంట్లోంచి పారిపోయాడు. కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడించాలని ఆలోచనట! తల్లి వెనక్కి పట్టి తెచ్చింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి మద్రాసులో గట్టెక్కాడు. ఆ చదువు కోసం ఆవిడ ఒంటిమీద బంగారం అమ్ముకుందని చెబుతారు.

తీరా చదువు పట్టాలెక్కాక ఇంకో చిక్కు వచ్చింది. రామకృష్ణ మఠంలో చేరి సన్యసిస్తానన్నాడు. తల్లి ససేమిరా అంది. తల్లి అనుమతి లేనిదే చేర్చుకోమని మఠంవారూ అన్నారు. సేవే చేయాలనుకుంటే వైద్యం చదువుకోమని సలహా ఇచ్చారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ రోజు వెంకమ్మగారు సరేనని ఉంటే ఎన్ని కోట్లమంది తల్లులు నష్టపోయేవారో!

చదువుకి డబ్బు సాయం చేసింది అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు. 1919లో ఆయన కూతురు శేషగిరితోనే సుబ్బారావు పెళ్ళయింది. అవి గాంధీగారి పిలుపు ఊరూరా మోగుతున్న రోజులు. ఆపరేషన్ గదిలోకి విదేశీ గుడ్డ కాదని ఖద్దరు గౌను తొడుక్కుని వెళ్ళాడు. తెల్లదొర అయిన సర్జరీ ప్రొఫెసరుకి కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట దానికంటే తక్కువైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి వారం పది రోజుల తేడాలో చనిపోయారు. స్ప్రూ అనే జబ్బు. మన పెద్దవాళ్ళ మాటలో చెప్పాలంటే సంగ్రహణి లాంటిది. తిన్నది ఒంటపట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం విరిగి మనిషి తెల్లగా పాలిపోతాడు. సుబ్బారావుకీ అది సోకింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి మందుతో బతికి బయటపడ్డాడు. అన్నదమ్ముల్ని మింగిన జబ్బుకి మందేమిటన్న ప్రశ్న మాత్రం ఆయన్ని వదల్లేదు.

మూడేళ్ళలో వస్తానని...

1920ల మొదట్లో మామగారు ఇచ్చిన డబ్బుతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం మీద ఆశతో అమెరికా ఓడ ఎక్కాడు. మూడేళ్ళలో తిరిగొస్తానని భార్యకి చెప్పాడు. బోస్టన్‌లో పగలంతా హార్వర్డ్‌లో చదువు. రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే కొలువు. డాక్టరు చదువు చదివినవాడు ఆ పని చేశాడు.

ఇక్కడ శేషగిరిగారికి కొడుకు పుట్టాడు. ఏడాది తిరక్కుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనేలేదు. మూడేళ్ళు ఆరయ్యాయి, పదయ్యాయి. ఆయన మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టలేదు. ఆయన్ని మహర్షి అనేవాళ్ళున్నారు. కాదనను. కానీ అనపర్తిలో ఉత్తరాల కోసం ఎదురుచూసిన ఆ ఇల్లాలిది కూడా తపస్సే కదా! ఆ తపస్సుకి పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం లేదు.

బోస్టన్‌లో పని మాత్రం అద్భుతంగా సాగింది. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో రంగునిబట్టి కొలిచే పద్ధతి కనిపెట్టాడు. బయోకెమిస్ట్రీ చదివిన పిల్లల్ని అడగండి, ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటే టక్కున చెబుతారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. దొరికాయి. మనం బిందె ఎత్తినా, పిండి రుబ్బినా ఖర్చయ్యే శక్తి ఆ ఏ.టి.పి.దే. జర్మనీలో లోమాన్ కూడా అదే ఏడు విడిగా దాన్ని కనుక్కున్నాడు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకి స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్‌రివర్‌లో ఉన్న లెడర్లే మందుల కంపెనీకి వెళ్ళిపోయాడు.

బొంబాయి మిల్లు కూలీల దగ్గర దొరికిన దారం

ఫోలిక్ ఆమ్లం కథ నిజానికి మన ఆడవాళ్ళ దగ్గరే మొదలైంది. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు రక్తహీనతతో చనిపోతుంటే లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు వచ్చి వాళ్ళేం తింటున్నారో పరీక్షించింది. ఈస్టు సారం పెడితే వాళ్ళు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులో ఏదో ఉంది, ఏమిటో తెలియదు. పదేళ్ళ తర్వాత, 1941లో అమెరికాలోని టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర జాతి ఆకుని వడగట్టి ఆ పదార్థాన్ని కాస్తంత పట్టుకున్నారు. ఆకులో దొరికింది గనక ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. లాటిన్‌లో ఫోలియమ్ అంటే ఆకు.

టన్నుల కొద్దీ ఆకునుంచి చిటికెడు వస్తే ఊరికి మందు ఎలా సరిపోతుంది? సుబ్బారావు నడిపిన బృందం దాని నిర్మాణం తేల్చి, 1945లో దాన్ని రసాయనాలతో తయారుచేసింది. ఆ వెంటనే టామ్ స్పైస్ అనే వైద్యుడు దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశాడు. పాలిపోయిన వాళ్ళలో కొత్త రక్తం పట్టింది. ఏ జబ్బు తన అన్నదమ్ముల్ని తీసుకుపోయిందో ఆ జబ్బుకే మందు సుబ్బారావు చేతిమీదుగా వచ్చింది. పాతికేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

ఆ చేతి చలవ మన ఉత్తరాంధ్రకీ తగిలింది. బోదకాలు మనవైపు ఎంత మామూలో చెప్పక్కర్లేదు. కాలు బరువెక్కి, చీర కుచ్చెళ్ళు కిందికి లాక్కుని నడిచే పెద్దవాళ్ళని మన ఊళ్ళలో చూసినవాళ్ళమే. దానికి వాడే డి.ఇ.సి. మాత్ర 1947లో లెడర్లేలో, ఆయన హయాంలోనే హెట్రజాన్ పేరుతో వచ్చింది. 2004 నుంచి దేశంలో బోదకాలు ఉన్న జిల్లాలన్నిటా ఊరందరిచేతా ఏడాదికోసారి మింగించే కార్యక్రమంలో ఇచ్చింది ఆ మందే.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన దొంగ మందు ఒకటి కూడా ఆయన దగ్గర తయారైంది. కణం దాన్ని ఫోలిక్ ఆమ్లమనుకుని తీసుకుని మోసపోయి పెరగడం మానేస్తుంది. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తకాన్సరు పిల్లలు 16 మందికి ఇస్తే పదిమందికి కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గింది. నేటి మెథోట్రెక్సేట్ ఆ కుదురులోదే. అదే ఏడు ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ లోకానికి తెలిసింది. బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త సుబ్బారావు విభాగంలో పనిచేస్తూ, మిస్సోరీ పొలం మట్టిలోంచి తీసిన బంగారు రంగు సూక్ష్మజీవిలో దాన్ని కనిపెట్టాడు. ఆ జీవి పేరు స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్. ఈ పేరు కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1948 ఆగస్టులో సుబ్బారావు ఒక రాత్రి నిద్రలోనే పోయాడు. అప్పటికి 53 ఏళ్ళు.

కిటికీ పక్కన పెట్టిన సీసా

ఆయన పోయిన మరుసటి ఏడు, 1949లో, ఆల్బర్ట్ కెల్నర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక తిరకాసులో పడ్డాడు. మట్టిలో ఉండే ఒక స్ట్రెప్టోమైసిస్ మీద అతినీలలోహిత కిరణాలు వేస్తే దాదాపు అన్నీ చచ్చిపోవాలి. ఒక్కోసారి చస్తున్నాయి, ఒక్కోసారి వేలకి వేలు తిరిగి బతుకుతున్నాయి. ఒకే పాళ్ళలో వేసిన ఇడ్లీపిండి ఒకరోజు పొంగి, ఒకరోజు పొంగకపోతే మనం వేడి సంగతి చూస్తాం. ఆయనా వేడి వల్లనేమో అనుకున్నాడు. కాదు. కిటికీ వెలుతురు పడిన సీసాల్లోవి బతుకుతున్నాయి! అదే ఏడు రెనాటో డల్బెకో కూడా బాక్టీరియాని పట్టే వైరస్‌లలో ఇదే సంగతి గమనించాడు.

మనం ఎండ సూక్ష్మజీవుల్ని చంపుతుందని పరుపులు, దుప్పట్లు డాబా మీద ఆరేస్తాం. అది నిజమే. అయితే ఎండలో అన్ని కిరణాలూ ఒకటి కావు. కంటికి కనిపించని అతినీలలోహిత భాగం దెబ్బ కొడుతుంది. కనిపించే నీలిరంగు భాగం ఆ దెబ్బకి మందు రాస్తుంది. సూర్యుడు ఒక చేత్తో కొట్టి ఇంకో చేత్తో నిమురుతాడన్నమాట.

ఎలాగంటే, జీవి లక్షణాలన్నీ రాసి ఉండే డి.ఎన్.ఎ.ని క్రోషియా అల్లిక అనుకోండి. అతినీలలోహిత కిరణం తగిలితే పక్కపక్కనే ఉన్న థైమిన్ అనే రెండు కుట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ముడి పడతాయి. ముడి దగ్గర సూది ముందుకు పోదు, కణం ఆగిపోతుంది. ఆ ముడి విప్పేది ఫోటోలయేజ్ అనే ఎంజైము. అది చీకట్లో కూడా వెళ్ళి ముడిని పట్టుకుంటుంది గానీ, నీలి వెలుతురు పడితేగానీ విప్పలేదు. కత్తిరించడం, కొత్త దారం వేయడం ఏమీ లేదు. ముడి విడిపోతుంది, కుట్లు ఎప్పటిలా ఉంటాయి. 1950ల్లో స్టాన్ రూపర్ట్, ఆయన సహచరులు బాక్టీరియా రసంలో వెలుతురుతో పనిచేసే ఈ ఎంజైము ఉందని నిరూపించారు.

రూపర్ట్ దగ్గరికి 1970ల్లో టర్కీ నుంచి అజీజ్ సాంజార్ అనే కుర్రాడు వచ్చాడు. పల్లెటూళ్ళో డాక్టరుగా చేసి వచ్చినవాడు. చదువురాని తల్లిదండ్రులు పట్టుబట్టి చదివించిన బిడ్డ. ఇది చదివినప్పుడు నాకు వెంకమ్మగారే గుర్తొచ్చింది. మన పేగుల్లో ఉండే ఇ.కోలై బాక్టీరియా నుంచి ఈ ఎంజైము జన్యువుని ఆయన వేరుచేశాడు. డి.ఎన్.ఎ. మరమ్మతు మీద చేసిన కృషికి 2015లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఆ ఎంజైములో ముడి విప్పే పని చేసేది బి2 విటమిన్ నుంచి వచ్చిన ఒక పదార్థం. దాని పక్కన వెలుతురుని ఒడిసిపట్టి దానికి అందించే చిన్న యాంటెన్నా ఇంకొకటి ఉంది. మసక వెలుతురులోనూ పని జోరుగా సాగేది దాని చలవే. అదేమిటో 1988లో తేలింది. ఇ.కోలైలో ఆ యాంటెన్నా ఫోలిక్ ఆమ్లం కుటుంబానిదే! మన ఎర్ర మాత్రలోని పసుపు పొడికి తోబుట్టువే. మన ఒంట్లో ఫోలిక్ ఆమ్లం థైమిన్ తయారీకి కావాలి. అందుకే రక్తానికీ, కడుపులో బిడ్డకీ అది అంత ముఖ్యం. బాక్టీరియాలో అదే కుటుంబం థైమిన్ తయారుచేస్తుంది, ఎండకి థైమిన్ ముడిపడితే విప్పడానికి వెలుతురూ పట్టి ఇస్తుంది.

నగ చూసి చుట్టరికం చెప్పగలమా?

అన్ని బాక్టీరియాల ఫోటోలయేజ్‌కీ ఫోలేట్ యాంటెన్నా ఉండదు. కెల్నర్ చూసిన స్ట్రెప్టోమైసిస్‌లోనూ, నీటిలో పెరిగే కొన్ని నాచు బాక్టీరియాలలోనూ డీజాఫ్లావిన్ అనే వేరే పదార్థం ఉంటుంది. చిత్రమేమిటంటే, ఆ డీజాఫ్లావిన్ సుబ్బారావు విభాగంలో దొరికిన ఆ బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్‌లో కూడా ఉంది. అక్కడ ఆరియోమైసిన్ జాతి మందు తయారీకి అది సాయపడుతుంది. ఆ సంగతి తేల్చింది కూడా, ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకి, లెడర్లే శాస్త్రవేత్తలే. అంటే బాక్టీరియా వెలుతురు పట్టే రెండు యాంటెన్నాల దారాలూ ఆయన పనిచేసిన గుమ్మం ముందునుంచే పోయాయి. ఆయనకా సంగతి తెలియదు.

మొదట్లో శాస్త్రవేత్తలు ఈ యాంటెన్నాలని బట్టే ఫోటోలయేజ్‌లని రెండు వర్గాలుగా విడదీశారు. తర్వాత ఎంజైములోని అమైనో ఆమ్లాల వరసని అక్షరం అక్షరం పక్కపక్కన పెట్టి పోల్చారు. అప్పుడు తేలింది, ఆ రెండూ ఒకే తల్లి బిడ్డలని. అక్కచెల్లెళ్ళు రెండూళ్ళకి కోడళ్ళుగా వెళ్ళారనుకోండి. ఒకరి మెళ్ళో కాసులపేరు, ఒకరి మెళ్ళో పగడాల దండ ఉండొచ్చు. ఇంటిపేర్లూ మారతాయి. నగని బట్టి చుట్టరికం చెప్పలేం. ముఖం చూడాలి. 1994లో జపాన్ శాస్త్రవేత్తలు ముఖం పోలికని బట్టి, అంటే వరసని బట్టి, కొత్త పంపకం చేశారు. ఫోలేట్ నగవారూ డీజాఫ్లావిన్ నగవారూ ఒక ఇంట్లోకి వచ్చారు. మట్టిలో ఉండే మిక్సోకోకస్ లాంటి బాక్టీరియా మాత్రం దూరపు శాఖ అయిన రెండో ఇంట్లోకి పోయింది. మొక్కలు, చేపలు, కంగారూలు కూడా ఆ ఇంట్లోవే.

ఈ వంశం చాలా పాతది. భూమికి ఓజోను పొర ఏర్పడని కాలంలో ఎండ నేరుగా మాడ్చేసేది. ఆ రోజుల్లోనే మూలపురుషుడు పుట్టి ఉంటాడని శాస్త్రవేత్తల ఊహ. మన నౌపడ ఉప్పుమడుల లాంటి చోట మండుటెండలో, ఉప్పునీటిలో బతికే హాలోబాక్టీరియాలకీ ఈ ఎంజైము ఉంది. పేరు బాక్టీరియా అయినా అవి వేరే రాజ్యానివి. అయినా ఆస్తి ఒకటే.

మరి మనకో? మనకి లేదు! మాయతో బిడ్డని పోషించే జంతువుల వంశంలో ఎక్కడో అది పోయింది. మన చర్మంలో ముడి పడితే ఆ చుట్టుపక్కల ముక్కంతా కత్తిరించి కొత్త అతుకు వేసే వేరే పద్ధతి ఉంది. అది సరిగా లేకుండా పుట్టిన పిల్లలు ఎండలోకి రాలేరు, చిన్న వయసులోనే చర్మ కాన్సర్లు వస్తాయి. పోయిన ఆస్తికి గుర్తుగా ఆ వంశంలోని చుట్టాలు మాత్రం మన కణాల్లో మిగిలారు. క్రిప్టోక్రోములంటారు. అవి ముడులు విప్పవు. రాత్రి నిద్రనీ పొద్దుటి మెలకువనీ నడిపే ఒంట్లో గడియారానికి పనిచేస్తాయి.

మనం చేయవలసింది

సుబ్బారావు పేరిట మన ప్రభుత్వం 1995లో తపాలా బిళ్ళ వేసింది. ఒక బూజు జాతికి సుబ్బారోమైసిస్ అని పేరుపెట్టారు. ఇవన్నీ బాగానే ఉన్నాయి. నాకు మాత్రం ఆ మాత్ర ఎంతమంది మింగుతున్నారన్నదే పెద్ద విషయంగా తోస్తుంది. విరేచనం నల్లగా వస్తోందని, వికారంగా ఉందని, బిడ్డ నల్లగా పుడతాడని ఎవరో అన్నారని మాత్రల్ని పెరట్లోకి విసిరేసేవాళ్ళున్నారు. నలుపు ఇనుము వల్ల వచ్చేది, దానివల్ల భయం లేదు. బిడ్డ రంగుకీ దానికీ సంబంధం లేదు.

ఇంకో ముఖ్యమైన మాట. బిడ్డ వెన్నుపాము గొట్టం కడుపున పడ్డ మొదటి 28 రోజుల్లోనే మూసుకుంటుంది. నెల తప్పిందని మనకి తెలిసేటప్పటికి ఆ పని దాదాపు అయిపోతుంది. అలాంటి లోపంతో ఒక బిడ్డ పుట్టిన తల్లులకి తర్వాతి కాన్పుకి ముందునుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే మళ్ళీ అలా జరగడం 72 శాతం తగ్గిందని 1991లో ఒక పెద్ద పరీక్షలో తేలింది. ఎర్ర మాత్ర ఇచ్చేది నాలుగో నెలనుంచి. అందుకని పిల్లలు కావాలనుకున్న రోజునుంచే, మూడో నెల నిండేదాకా, రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం మాత్ర విడిగా వేసుకోవాలి. ఇంతకుముందు అలాంటి బిడ్డ పుట్టి ఉంటే ఎక్కువ మోతాదు కావాలి, డాక్టరుని అడగాలి. తోటకూర, పెసలు, శనగలు తినాలి. ఆకుకూర గంటలకొద్దీ ఉడికించి నీళ్ళు పారబోస్తే అందులోది అక్కడే పోతుంది.

కోడలికో కూతురికో పెళ్ళప్పుడు చీర, సారె అన్నీ లెక్కచూసి పెడతాం. ఆ సారెలో ఈ చిన్న మాత్రల అట్ట కూడా ఒకటి పెట్టండి. ఒక తల్లి బంగారం అమ్ముకుని, ఒక భార్య పాతికేళ్ళు ఎదురుచూసి మనకి ఇచ్చిన పసుపు అది.